యూజర్ స్టోరీలు ఏఐ రాస్తే, ప్రశ్నలు ఎవరు అడుగుతారు?

ఈ మధ్య ఏ ప్రాజెక్టులో చూసినా ఇదే తంతు. క్లయింటు దగ్గర్నుంచి ముప్ఫై పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి ఏఐ నోట్లో పడేస్తారు. "దీన్ని యూజర్ స్టోరీలుగా విడగొట్టు, ఒక్కోదానికీ యాక్సెప్టెన్స్ క్రైటీరియా రాయి" అంటారు. టీ తాగి వచ్చేసరికి నలభై స్టోరీలు రెడీ! జీరాలోకి ఎక్కించేస్తారు. మర్నాడు స్టాండప్‌లో మేనేజరు గారు వెలిగిపోతున్న మొహంతో "వారం పని పది నిమిషాల్లో అయిపోయింది" అని ప్రకటిస్తారు. మనం చప్పట్లు కొడతాం.

అయ్యా, ఆ వారం పని ఏమిటో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ వారమంతా బిజినెస్ అనలిస్టు కూర్చుని టైపు చేస్తూ ఉండేవాడా? ఫోన్లు చేసేవాడు. మెయిళ్ళు పెట్టేవాడు. "ఇది తప్పయితే ఏం చెయ్యాలి? అది లేకపోతే ఏం చూపించాలి?" అని క్లయింటు ప్రాణం తీసేవాడు. టైపింగు చివరి రెండు గంటల పని. అంటే స్టోరీ అనేది ఒక రసీదు. ఫలానావాళ్ళని అడిగాం, ఫలానాది తేల్చుకున్నాం అనడానికి ఆధారం. ఇప్పుడు పది నిమిషాల్లో మనకి వచ్చింది రసీదు మాత్రమే. సరుకు ఇంకా కొట్లోనే ఉంది.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏఐ వ్యతిరేకిని కాను. రోజూ వాడతాను. యూనిట్ టెస్టులకి వాడతాను, ఎవరో రాసి వదిలేసి వెళ్ళిన పాత కోడు అర్థం చేసుకోవడానికి వాడతాను, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లయితే సొంతంగా రాయడం ఎప్పుడో మానేశాను :). కాబట్టి "నీకు కొత్త టెక్నాలజీ అంటే భయం" అని ఎవరూ వ్యాఖ్యానించక్కర్లేదు. నా గొడవ ఈ ఒక్క వాడకంతోనే.

ఇంతకీ యూజర్ స్టోరీ అనే మాట ఎక్కణ్ణించి వచ్చింది? 1990ల రెండో సగంలో అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ కోసం సీ3 అనే ప్రాజెక్టు నడిచింది. కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ వాళ్ళు అందులో పనిచేశారు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. (ఆ ప్రాజెక్టు 2000లో ఆగిపోయింది. అది వేరే కథ.) అక్కడ స్టోరీని చిన్న అట్టముక్క మీద చేత్తో రాసేవాళ్ళు. అట్టముక్క చిన్నది కావడంలో ఒక సుగుణం ఉంది. దాని మీద వివరాలన్నీ పట్టవు. పట్టవు కాబట్టి, పని మొదలుపెట్టేవాడు లేచి వెళ్ళి కస్టమర్ని అడగాల్సిందే. కస్టమరు కూడా టీములోనే, పక్క కుర్చీలోనే ఉండాలని వాళ్ళ నియమం.

2001లో జెఫ్రీస్ ఈ సంగతినే మూడు ముక్కల్లో చెప్పాడు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు గుర్తు కోసం. సంభాషణలో అసలు విషయం తేలుతుంది. తేలినది నిజంగా అయిందా లేదా చూసుకోవడానికి నిర్ధారణ. అదే 2001 ప్రాంతంలో లండన్‌లో కనెక్స్‌ట్రా అనే కంపెనీ వాళ్ళు "ఫలానా వ్యక్తిగా, నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే ఫలానా ప్రయోజనం" అనే మూస తయారుచేశారు. మనందరికీ ఇప్పుడు నోటికొచ్చిన మూస అదే. అది కూడా మాట్లాడుకోవడం మర్చిపోకుండా ఉండడానికి పెట్టుకున్నదే. ఎవరికి కావాలి, ఎందుకు కావాలి అని అడిగితే తప్ప ఆ ఖాళీలు నిండవు కదా.

ఇప్పుడు ఆ ఖాళీలు అడక్కుండానే నిండిపోతున్నాయి. మొదటి ముక్కని ఏఐ చేసేస్తోంది, మూడో ముక్కని కూడా చేసేస్తోంది. మధ్యలో ఉన్న సంభాషణ ఎగిరిపోయింది. ఎగిరిపోయిందని ఎవరికీ తెలియడం లేదు కూడా.

గాల్లో మాట్లాడకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాతా తెరిచే స్క్రీను అనుకోండి. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో ఒకే లైను ఉంది: "కస్టమర్ పేరు గుర్తింపు పత్రంలోని పేరుతో సరిపోవాలి." దీన్ని ఏఐకి ఇస్తే దాదాపు ఇలా వస్తుంది.

"ఒక కస్టమర్‌గా, నా పేరు గుర్తింపు పత్రంతో సరిచూడబడాలని కోరుకుంటున్నాను, తద్వారా నా ఖాతా భద్రంగా ఉంటుంది." దాని కింద క్రైటీరియా: ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి. ఒక్కోటి కనీసం రెండక్షరాలుండాలి. చుక్కలు, ప్రత్యేక గుర్తులు ఉండకూడదు. పత్రంలోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోకపోతే ఎర్రర్ మెసేజ్ చూపించి ఆపెయ్యాలి.

చూడ్డానికి ఎంత బావుందో కదా! ఇప్పుడు ఈ స్క్రీను ముందు మన ఊరివాళ్ళని నిలబెట్టండి.

మన ఇంటిపేరు ముందొస్తుంది, సొంత పేరు తర్వాతొస్తుంది. చాలామందికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, దాని పక్కన చుక్క. ఆధార్‌లో పేరుకి ఉన్నది ఒకటే గడి. అందులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయించుకున్నారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ వేరు, గివెన్ నేమ్ వేరు. మన సహోద్యోగుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద ముందు పేరు బదులు "ఎఫ్‌ఎన్‌యూ" అని పడినవాళ్ళు ఉండే ఉంటారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. అమ్మానాన్నా ముచ్చటపడి పెట్టుకున్న పేరు వదిలేసి, "తెలియదు" అనే పేరుతో టికెట్లు కొనుక్కుంటూ తిరుగుతారు పాపం. అదంతా ఎవరో ఎక్కడో "రెండు గడులూ తప్పనిసరి" అని ఒక లైను రాసిన పుణ్యమే.

సరే, ఈ స్టోరీలో అడగాల్సిన ప్రశ్నలేమిటి? గుర్తింపు పత్రం అంటే ఏది, ఆధారా, పాస్‌పోర్టా, పాన్‌ కార్డా? ఒక్కోదాంట్లో పేరు ఒక్కోలా ఉంటే దేన్ని నమ్మాలి? పొడి అక్షరాన్ని పూర్తి ఇంటిపేరుతో సరిపోయినట్టు లెక్కెయ్యాలా? సరిపోకపోతే అక్కడికక్కడ తిప్పి పంపెయ్యాలా, లేకపోతే ఒక మనిషి చూసి తేల్చాలా? మనిషి చూడాలంటే ఆ మనిషి ఎవరు, ఎన్ని గంటల్లో చూడాలి, ఆ జీతం ఎవరి ఖాతాలోంచి? చివరి ప్రశ్న చూశారా, దానికి జవాబు ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. అది క్లయింటు వైపు ఒక పెద్దాయన తీసుకోవాల్సిన నిర్ణయం. ఏఐ దాన్ని మూడు సెకన్లలో తీసేసుకుంది: "ఆపెయ్యాలి." ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు, ఇదే.

ఇంకో తమాషా ఉంది. ఆ స్టోరీ మొదటి వాక్యం మళ్ళీ చదవండి. నా పేరు సరిచూడండి బాబూ అని ప్రపంచంలో ఏ కస్టమరైనా కోరుకుంటాడా? కస్టమరుకి కావాల్సింది ఖాతా తెరుచుకోవడం. సరిచూడాలని కోరుకునేది బ్యాంకు, బ్యాంకు చేత కోరిపించేది చట్టం. "ఎందుకంటే" అన్నచోట అసలు కారణం ఉండాలి. ఆ కారణం తెలిస్తేనే డెవలపరు ఎక్కడ పట్టు విడవచ్చో, ఎక్కడ విడవకూడదో ఆలోచిస్తాడు. ఏఐకి కారణం తెలియదు. కానీ మూసలో ఖాళీ ఉంది కాబట్టి కారణంలా వినిపించే ఒక వాక్యం అల్లి పెడుతుంది. ఖాళీగా వదిలేసినా బాగుండేది. ఖాళీని చూసి ఎవడో ఒకడు "ఇదేంటి?" అని అడిగేవాడు.

"మనుషులు రాసిన స్టోరీలేమైనా గొప్పగా ఏడ్చాయా?" అని మీరు అడగొచ్చు. ఏడవలేదు, ఒప్పుకుంటాను. ఒక్క లైను రాసి "వివరాలు మెయిల్లో చూడండి" అని వదిలేసిన స్టోరీలు మనందరం చూశాం. కానీ పాత చెత్త చెత్తలాగే కనిపించేది. సగం సగం వాక్యాలు, మూడు ప్రశ్నార్థకాలు చూడగానే డెవలపరుకి ఒళ్ళు మండి ఫోను తీసేవాడు. ఆ ఫోనులోనే సగం సంగతులు తేలేవి. ఇప్పటి చెత్త మేడిపండు. నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంగ్లీషు చక్కగా ఉంటుంది, అంకెలు వేసి ఉంటుంది, "గివెన్, వెన్, దెన్" అని వరసగా పేర్చి ఉంటుంది. అంత పద్ధతిగా రాసి ఉన్నదాన్ని చూసి, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు "ఇది ఎవరో బాగా ఆలోచించే రాసి ఉంటారు" అనుకుంటాడు. అనుమానం వచ్చినా నోరు మెదపడు. ఎవరూ ఆలోచించలేదని అతనికి ఎలా తెలుస్తుంది?

ఇక టైము ఆదా అయిందన్న లెక్క చూద్దాం. స్టోరీలు రాసే ఒక్కడికి ఆదా అయింది, నిజమే. చదివేవాళ్ళ సంగతి? నలభై స్టోరీలు, గ్రూమింగ్‌లో ఒక్కోదానికి అయిదు నిమిషాలు పెట్టినా రెండొందల నిమిషాలు. టీములో తొమ్మిదిమంది ఉంటే పద్ధెనిమిది వందల నిమిషాలు, అంటే ముప్ఫై గంటలు. ఏ స్టోరీ అయినా నిజంగా ఎవరో అడిగిందా, లేక యంత్రం ఊహించిందా అని తెలియకుండా ముప్ఫై గంటలు! అంతసేపు ఎవరు చదువుతారు? చదవరు. కాబట్టి ఇప్పుడు ఆ స్టోరీల సారాంశం కూడా ఏఐనే అడుగుతున్నారు. ఒక లైనుని అది ఒక పేజీ చేస్తుంది, ఆ పేజీని మళ్ళీ ఒక లైను చేస్తుంది. మధ్యలో కరెంటు ఖర్చు తప్ప ఏం ఒరిగిందో నాకైతే అర్థం కాదు.

అంతకన్నా ప్రమాదం తర్వాత వస్తుంది. అదే స్టోరీ నుంచి కోడు ఏఐతో రాయిస్తున్నాం. అదే స్టోరీ నుంచి టెస్టు కేసులు కూడా ఏఐతోనే రాయిస్తున్నాం. స్టోరీలో "లాస్ట్ నేమ్ తప్పనిసరి" అని ఉంది, కోడు తప్పనిసరి చేసింది, టెస్టు అది తప్పనిసరే కదా అని చూసి పచ్చజెండా ఊపింది. డాష్‌బోర్డంతా పచ్చగా కళకళలాడుతుంది. కోడూ టెస్టూ ఒకే తప్పు కాపీ కొట్టిన ఇద్దరు విద్యార్థుల్లాంటివి. ఇద్దరి జవాబూ ఒకటే కాబట్టి అది రైటని మార్కులేసేస్తున్నాం. ఈ తప్పు బయటపడేది యూఏటీలోనో, ప్రొడక్షన్‌లోనో, ఒక నిజం మనిషి తన నిజం పేరు కొట్టినప్పుడే. అప్పుడు శని ఆదివారాలు ఎవరివి పోతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "టెస్టింగులో ఎందుకు పట్టుకోలేదు?" అని పాపం ఆ టెస్టర్ అమ్మాయిని నిలదీస్తారు. పది నిమిషాల్లో వారం పని చేసిన మహానుభావుణ్ణి ఎవరూ అడగరు.

ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే "నో సిల్వర్ బుల్లెట్" అనే వ్యాసంలో ఈ విషయం వాదించాడు. సాఫ్ట్‌వేర్లో రెండు రకాల కష్టాలున్నాయి. ఒకటి పనిముట్లు సరిగ్గా లేకపోవడం వల్ల వచ్చేది. రెండోది అసలు ఏం కట్టాలో తేల్చుకోవడంలోనే ఉండేది. మొదటిదాన్ని మంచి పనిముట్లు తగ్గిస్తాయి. రెండోదాన్ని తగ్గించవు. ఏఐ కోడు రాయడంలో మొదటి రకం కష్టాన్ని చాలా తగ్గించింది, నేను కాదనను. కానీ యూజర్ స్టోరీ ఉండేదే రెండో కష్టం కోసం. అక్కడికి తీసుకెళ్ళి ఇదే పనిముట్టుని పెడితే కష్టం తగ్గదు, కనిపించకుండా పోతుంది అంతే.

ఇది అందరికీ ఉన్న సమస్యే అయినా మనకి ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే మనకి అడగడం ముందే చేతకాదు. ఇంజనీరింగు కాలేజీలో "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటే అరవైమంది తలలు దించుకున్న బాపతు మనం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని తెలిసీ నోరెత్తం. ఉద్యోగంలోకి వచ్చాక "క్లయింటుని ఎక్కువ ప్రశ్నలు అడిగితే మనకి డొమైన్ రాదనుకుంటాడు" అనే భయం తోడైంది. దానికి తోడు క్లయింటుకి పొద్దున్న అయితే మనకి రాత్రి. రోజు మొత్తంలో ఇద్దరం మేలుకుని ఉండేది ఏ గంటన్నరో. ఆ గంటన్నరలో స్టేటస్ చెప్పడానికే సరిపోతుంది. అడగకుండా పని కానిచ్చెయ్యడానికి మనం ఎప్పుడూ ఒక సాకు వెతుక్కుంటూనే ఉన్నాం. ఇప్పుడు నెలకింత అని చందా కట్టి మరీ ఆ సాకు కొనుక్కున్నాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. క్లయింటు అమ్మ కూడా కాదు.

"అసలు ఏఐనే ప్రశ్నలు అడగమనొచ్చు కదా?" అని కొందరంటారు. మంచి మాట. అడగమంటే అడుగుతుంది కూడా, బాగానే అడుగుతుంది. పైన నేను రాసిన ప్రశ్నల్లో సగం అది అడగగలదు. అయితే ఆ ప్రశ్నలకి జవాబులు ఎవరు తేవాలి? తెచ్చేది మనిషే. చాలాచోట్ల జరుగుతున్నది ఏమిటంటే, ఏఐ ప్రశ్న అడుగుతుంది, మనవాడు "నువ్వే ఏదో ఒకటి అనుకుని కానిచ్చెయ్" అంటాడు. అది అనుకుంటుంది. ఆ అనుకున్నది స్టోరీలో నిజంలా కూర్చుంటుంది.

ఇంకొందరు చెప్పే మాట ఇంగ్లీషు గురించి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అనలిస్టుకి విషయమంతా తెలుసు, వాక్యం రాయడం దగ్గర ఇబ్బంది. ఆ మనిషికి ఏఐ పెద్ద అండ. దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ ఇంగ్లీషు దంచేవాడు ముందుకెళ్ళాడు, విషయం తెలిసినవాడు వెనకబడ్డాడు. ఆ అన్యాయం తగ్గితే సంతోషమే. కానీ ఇక్కడ తేడా గమనించండి. ఆ అనలిస్టు ముందు అడిగాడు, తేల్చుకున్నాడు, తనకి తెలిసినది ఇచ్చి వాక్యాలు సరిచేయించుకున్నాడు. నేను తిడుతున్నది తెలియనిదాన్ని వాక్యాలతో కప్పెట్టేవాళ్ళని.

కొత్తగా చేరిన పిల్లల సంగతి కూడా ఆలోచించండి. జూనియర్ అనలిస్టు పని నేర్చుకునేది ఎలా? ఒక మొద్దు స్టోరీ రాసి, దాన్ని పట్టుకెళ్ళి సీనియర్ చేత చీవాట్లు తిని, మళ్ళీ క్లయింటు దగ్గరికెళ్ళి అడిగి. ఆ తిరుగుడులోనే డొమైన్ అబ్బుతుంది. మొదటి రోజునుంచే నిగనిగలాడే స్టోరీలు చేతికొస్తుంటే ఆ చీవాట్లూ ఉండవు, ఆ తిరుగుడూ ఉండదు. అయిదేళ్ళ తర్వాత, ఏఐ రాసింది తప్పో ఒప్పో చెప్పగలిగే సీనియర్లని ఎక్కణ్ణించి తెస్తారు?

అన్నట్టు ఇంకో సంగతి. క్లయింటు డాక్యుమెంటుని ఏ టూల్లో పడేస్తున్నారో కాస్త చూసుకోండి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ సోర్స్ కోడుని చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి బయటికొచ్చి, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్ని ఆపించింది. కోడు పెడితే తప్పని ఇప్పుడు అందరికీ తెలుసు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు విషయంలో మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వచ్చే ఏడాది క్లయింటు ఏం అమ్మబోతున్నాడో ఉండేది కోడులో కాదండీ, అందులోనే.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? మానెయ్యమనను. వరస మార్చండి. డాక్యుమెంటు ఇచ్చి స్టోరీలు అడక్కండి, "ఇందులో తేలని విషయాలేమిటి?" అని అడగండి. ఆ జాబితా పట్టుకుని క్లయింటు దగ్గరికి వెళ్ళండి. వచ్చిన జవాబులు, ఎవరు చెప్పారో పేరుతో సహా రాసుకోండి. అప్పుడు స్టోరీలు రాయించుకోండి, ముక్కలు చేయించుకోండి, ఇంగ్లీషు దిద్దించుకోండి, అన్నీ దాని చేతే చేయించుకోండి. యంత్రం సొంతంగా ఊహించిన ప్రతి లైను పక్కనా "ఊహ" అని గుర్తు పెట్టండి. గుర్తున్న లైను స్ప్రింటులోకి రాకూడదు.

మన బుర్రకథలో కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. పక్కన ఇద్దరుంటారు, హాస్యగాడు ఒకడు, రాజకీయం చెప్పేవాడు ఒకడు. "అదెలా గురువుగారూ? మరి అప్పుడేమైంది?" అని అడ్డుపడుతూ ఉంటారు. జనానికి వచ్చే అనుమానాలు వాళ్ళ నోటి నుంచి వస్తాయి. వాళ్ళిద్దర్నీ తీసేసి కథకుడికి పెద్ద మైకు ఇస్తే కథ తొందరగా అయిపోతుంది, నిజమే. జనానికి ఏం అర్థమైందో మాత్రం తెలియదు. మన ప్రాజెక్టుల్లో ఆ ఇద్దరి పని చెయ్యాల్సింది మనమే.

వచ్చే గ్రూమింగ్‌లో ఒక చిన్న పని చేసి చూడండి. ఏదో ఒక స్టోరీ తీసుకుని, క్రైటీరియాలో ఒక్కో లైను దగ్గరా ఆగి, "ఇది ఎవరు చెప్పారు?" అని అడగండి. ఒక మనిషి పేరు వస్తే ఆ లైను ఉంచండి. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటే కొట్టెయ్యండి. చివరికి ఎన్ని లైన్లు మిగిలాయో లెక్కపెట్టండి. మీ ప్రాజెక్టు గురించి మీకు నిజంగా తెలిసింది అంతే.